మచ్చ ఉన్న చోటు

పెళ్లిపందిట్లో పరిచే వెడల్పు జంపఖానా ఒక్కరి చేతుల్లో తయారయ్యేది కాదు. మగ్గం గుంటలో పక్కపక్కనే ఇద్దరు కూర్చోవాలి. ఇటువైపు మనిషి నూలు చుట్టిన నాడె విసిరితే అటువైపు మనిషి అందుకుని తిరిగి విసరాలి. ఇద్దరూ ఒక్కసారే పోగును బిగించే పన్నె గుంజి దెబ్బ వేయాలి. ఒకరి చేయి వెనకబడిందా, చార వంకర పోతుంది. వరంగల్ కొత్తవాడలో ఎన్ని మగ్గాలున్నా వెంకట్రాజం, అనసూర్యలు నేసే చారకు ఒక పేరుంది. చేనేత సంఘం ఆఫీసులో దారం పట్టి చూసినా తప్పు దొరికేది కాదు.

అలాంటిది ఆ సోమవారం పొద్దున ఎర్ర చార వంకర పోయింది.

"చెయ్యేడున్నదే నీది?" అన్నాడు వెంకట్రాజం.

అనసూర్య చేయి పన్నె మీద లేదు. రైక మీద ఉంది, ఎడమ పక్క. గబుక్కున తీసేసి నాడె విసిరింది. అతను అందుకుని తిరిగి విసిరేలోగా ఆ చేయి మళ్లీ అక్కడికే పోయింది.

"ఏం, చీమ గుట్టిందా?"

"ఏం లేదు. నువ్వు నెయ్యి."

ఆడవాళ్లు ఏం లేదన్నారంటే ఏదో ఉందని మగవాళ్లకు తట్టడానికి కొంత సేపు పడుతుంది. వెంకట్రాజానికి అన్నం వేళ దాకా పట్టింది.

నిజానికి ఉన్నది చింతగింజంత మచ్చ. కిందటి వారం తలకు పోసుకుంటుంటే అనసూర్య చేతికి గరుకుగా తగిలింది. చుట్టూ ఉన్న చర్మం కంటే కొంచెం నల్లగా, పొడిగా, పొట్టు లేచినట్టు ఉంది. నొప్పి లేదు, రసి లేదు. అదే మచ్చ ఎవరి కాలి మీదో చూసి ఉంటే కొబ్బరినూనె రాసుకోమని చెప్పి పంపేసేది. కానీ అది కాలు కాదు. ఆనాటి నుంచి ఆమెకు ఆ మచ్చ తప్ప వేరే లోకం లేకుండా పోయింది. భర్త గడ్డం గీసుకునే అద్దం కొంగులో దాచుకుని తడికె చాటుకు పోయేది. నిన్నటికంటే పెరిగిందా అని చూసేది. నిన్న ఎంత ఉందో సరిగ్గా గుర్తుండేది కాదు కాబట్టి పెరిగిందనే అనుకునేది. లోపల గడ్డ ఉందేమోనని నొక్కేది. నొక్కి నొక్కి నొప్పి తెచ్చుకుని, ఇక నొప్పి కూడా మొదలైందని గుండె జారిపోయి కూర్చునేది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అత్త లచ్చవ్వ చెల్లెలు మల్లవ్వ ఈ ఇంట్లోనే, వెనక అర్రలోనే పోయింది. తనకెక్కడ బాధో ఒక్కనాడూ నోరు తెరిచి చెప్పలేదు. చివరికొచ్చేసరికి ఆ అర్రలోకి పోవాలంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చేది. గుమ్మంలో ఊదు వేసేవాళ్లు. రోగం రొమ్ముదైనా కడుపునొప్పితో పోయిందని వాడంతా చెప్పుకున్నారు. చచ్చిపోయాక కూడా ఆ మనిషి రోగాన్ని ఉన్నచోట ఉండనివ్వలేదు.

అన్నం తినేటప్పుడు అనసూర్య చెప్పేసింది. వెంకట్రాజం చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది.

"ఆడనా?" అన్నాడు.

"ఆడనే."

"ఆడంటే... ఆడనేనా?"

"ఇంకేడ? రొమ్ము మీద."

వెంకట్రాజం గబగబా వాకిలి వైపు చూశాడు. ఎవరూ లేరు. పొయ్యి దగ్గరున్న లచ్చవ్వ మాత్రం వినేసింది. ఆమె చెవులకు వయసు రాలేదు.

"మెల్లగ మాట్లాడే పిల్లా! గోడలకు చెవులుంటయ్. సర్పి అయ్యుంటది. కుమ్మరి రాజలింగు తాన ఎర్రజాజు పూయించుకుంటే ఎండిపోతది."

"రాజలింగు మొగోడు గాదా అత్తా?"

"ముసలోడే ఆయన. కండ్లు గుడ సక్కగ గానరావు."

"కండ్లు గానరానోడు మచ్చ ఎట్ల జూస్తడు?"

లచ్చవ్వ పొయ్యిలో కట్టెలు ఎగదోసింది. ఆ పూట ఇల్లంతా పొగ.

"నాకు రాజలింగు వద్దు, జాజు వద్దు. డాక్టరుకు జూపెట్టుకుంట," అంది అనసూర్య.

"పోశయ్య డాక్టరు తానకు నేను వోత," అన్నాడు వెంకట్రాజం వెంటనే. "నువ్వు ఫికర్ జేయకు. అన్ని నేను జెప్పి మందు పట్టుకొస్త."

ఇది అతను కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. కొత్తవాడలో ఆడవాళ్ల రోగాలు మగవాళ్ల నోట డాక్టరు దాకా పోతాయి. భార్యకు నడుంనొప్పి అయితే భర్త పోయి తన నడుం పట్టుకుని చూపిస్తాడు. బిడ్డకు నెలనొప్పులైతే తండ్రి పోయి నేల చూపులు చూస్తూ కడుపు అంటాడు. పోశయ్య అంతా అర్థమైనట్టు తలూపి గోళీలు పొట్లం కట్టి ఇస్తాడు. రోగం ఒకరిది, నోరు ఒకరిది, గోళీలు అందరికీ అవే.

ఆ సాయంత్రం వెంకట్రాజం ట్యూబు మందుతో తిరిగొచ్చాడు. మొహం తేటగా ఉంది.

"ఏం లేదన్నడు. గట్టిగ జెప్పిండు. పొద్దుమాపు పూసుకుంటే వారంల పోతదట."

అనసూర్యకు ఒళ్లు తేలికైపోయింది. వారం నుంచి గొంతులో అడ్డంపడ్డ అన్నం ఆ పూట నేరుగా దిగింది. మరునాడు మగ్గం మీద ఆమె చేయి ఒక్కసారి కూడా తప్పలేదు. వంకర పోయిన చారను విప్పి మళ్లీ నేశారు. నాడె అటూ ఇటూ పోతుంటే వెంకట్రాజం ట్రాన్సిస్టర్లో వచ్చే పాటకు గొంతు కలిపాడు. అతని గొంతు బాగుండదు, అయినా ఆమె వద్దనలేదు.

*

బుధవారం పొద్దున మందు రాసుకుంటుంటే ఆమెకు అనుమానం వచ్చింది. పోశయ్య చూడకుండానే ఏం లేదని ఎట్లా చెప్పాడు? ఏమేం అడిగి ఉంటాడు? భయం అలాంటిది. వాకిట్లోంచి వెళ్లగొడితే పెరట్లోంచి వస్తుంది.

మగ్గం మీద కూర్చున్నాక మెల్లగా కదిపింది.

"పోశయ్య నిన్నేమడిగిండు?"

"ఏమడుగుతడు? మచ్చ ఎట్లున్నదన్నడు. నల్లగున్నదన్న."

"లోపల గడ్డ తాకుతాందా అని అడగలేదా?"

"అడగలే."

"గది అడగకుంట ఎట్ల జెప్పిండు? అసలు సంగతి గదే గదా."

"రెక్కకు గడ్డేందే నీ మొకం!" అన్నాడు వెంకట్రాజం. ఆ మాటతోనే పన్నె మీద అతని చేయి బిగుసుకుపోయింది.

అనసూర్య నాడె విసరలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని అతని వైపు తిరిగింది.

"ఎవల రెక్కకు?" అంది, భుజం కింద చేయి తట్టి చూపిస్తూ.

అతను పడుగు పోగులు సవరించడం మొదలుపెట్టాడు. తెగిన పోగు ఒక్కటీ లేదు.

"నిన్నే అడుగుతాన్న. రెక్క అని జెప్పినవా పోశయ్యకు?"

"ఏం జెయ్యమంటవే? ఆడ బల్ల మీద మన వాడ ఉప్పలయ్య ఉన్నడు. భద్రమ్మ మొగడు ఉన్నడు. అందరు నా మొకమే జూస్తాండ్రు. నోట్లకెల్లి రాలేదు. మచ్చ మచ్చే గదా, రెక్క మీదుంటే ఏంది, ఇంకోకాడుంటే ఏంది? మందు గదే ఇస్తడు."

"మచ్చ మచ్చేనా?" అనసూర్య గొంతు పెరిగింది. "మీ మల్లవ్వ చిన్నమ్మది గుడ మచ్చేనా? రెక్క మీద మచ్చ లేసి ఎవలన్న సచ్చిండ్రా ఈ వాడల?"

"జర మెల్లగ..."

"మెల్లగ ఎందుకు? నా రొమ్ము మీద లేసినదాన్ని నా రెక్క మీదికి ఎక్కిచ్చుకొచ్చినవ్ నువ్వు. నీ ఇజ్జత్ దక్కింది. నేను నిన్నంత నవ్వుకుంట నేసిన. రెక్కకు నయమైతదని నవ్విన్నా నేను?"

పక్కింటి మగ్గం చప్పుడు ఆగింది. ఆ ఇంట్లోవాళ్లు వింటున్నారని ఇద్దరికీ తెలుసు. వెంకట్రాజం తల వంచుకున్నాడు. అనసూర్య మాత్రం గుంటలోంచి పైకి లేచి చీర దులుపుకుంది. రంగునూలు పీచు గాలిలోకి లేచింది.

"రేపు హనుమకొండ దవాఖానకు పోతాన్న. ఆడ డాక్టరమ్మ ఉంటదట. నువ్వస్తే రా. రాకుంటే రెండు దిక్కులు నువ్వే గూసోని నేసుకో."

ఆ పూట కొత్తవాడలో ఒక మగ్గం మూగగా ఉండిపోయింది. వెంకట్రాజం ఒక్కడే గుంటలో కూర్చుని నాడె విసిరి, తానే లేచి అటువైపు పోయి తీసుకుని, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. రెండుసార్లు అలా చేసి వదిలేశాడు.

*

తెల్లవారి అనసూర్య ఉతికిన చీర కట్టుకుని బయలుదేరేసరికి లచ్చవ్వ గడపకు అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు చేటలో చేతులు ఆడిస్తోంది. చేటలో రాళ్లు ఎప్పుడో అయిపోయాయి.

"ఏడికి?"

"దవాఖానకు."

"రైక ఇప్పి సూపెట్టనీకా? మన ఇంటా వంటా ఉన్నదా గీ బుద్ధి? వాడకట్టంత నవ్వుతాంది నిన్నటిసంది."

"నవ్వనీ. నవ్వితే నా మచ్చ పెరగది, ఏడిస్తే తరగది. కాళ్లు తియ్యి అత్తా."

"తియ్య."

అనసూర్య ఆమె ముందు కూర్చుంది. గొంతు తగ్గించింది, కానీ మాట తగ్గించలేదు.

"మల్లవ్వ చిన్నత్తకు ఆఖర్న నీళ్లు వోసింది నువ్వే. నువ్వొక్కదానివే అర్రల ఉన్నవ్. తలుపులేసుకున్నవ్. ఏం జూసినవో నీకెరుక. అది జూసిన కండ్లతోని నన్ను ఆపుతాన్నవా?"

లచ్చవ్వ చేతులు చేటలో ఆగిపోయాయి. తర్వాత ఒక్కొక్క కాలూ దగ్గరికి తీసుకుంది, మోకాళ్ల నొప్పులున్న మనిషి తీసుకున్నట్టే.

"నా కొడుకును ఎంబడి తీస్కపో," అంది చివరికి. "ఒక్కదానివి పోకు."

వెంకట్రాజం అప్పటికే చెప్పులు తొడుక్కుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. లోపలి మాటలు వినపడనట్టు ఆకాశం చూస్తున్నాడు.

ఇద్దరూ హనుమకొండ బస్సు ఎక్కారు. దవాఖాన వరండాలో చీటీలు రాసే కిటికీ ముందు పెద్ద వరుస ఉంది. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసే నిలబడ్డారు. ఆడవాళ్ల తరఫున చాలావరకు మగవాళ్లే మాట్లాడుతున్నారు. అనసూర్య ముందు ఒక ముసలమ్మ ఒంటరిగా ఉంది. ఎడమ చేయి ఒంటికి దగ్గరగా పట్టుకుని నిలబడింది. పాలంపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చానని, పేరు మొగిలమ్మ అని, అడగకపోయినా చెప్పింది.

"ఏం తక్లీబ్ అవ్వా?" అన్నాడు కిటికీ లోపలి మనిషి.

"దగ్గు సారూ."

చీటీ తీసుకుని ఆమె పక్కకు జరిగింది. వెంకట్రాజం కిటికీకి మొహం ఆనించాడు.

"పేరు అనసూర్య."

"ఏం తక్లీబ్?"

వెంకట్రాజం వెనక్కి చూశాడు. వరుసలో ఇరవై మంది దాకా ఉన్నారు.

"మచ్చ సార్. నల్ల మచ్చ."

"యాడ?"

"రె..."

"రెక్క గాదు," అంది అనసూర్య. భర్తను భుజంతో పక్కకు నెట్టి కిటికీ ముందుకు వచ్చింది. "రొమ్ము మీద. ఎడమ రొమ్ము మీద మచ్చ లేసింది. గట్లనే రాయి సారూ."

కిటికీ లోపలి మనిషి తల వంచుకుని కలం వెతుక్కున్నాడు. కలం అతని చేతిలోనే ఉంది. వరుస చివర ఎవరో పడుచువాడు కిసుక్కున నవ్వాడు.

అనసూర్య వెనక్కి తిరిగింది.

"ఏందిర నవ్వుతాన్నవ్? నువ్వేం తాగి పెరిగినవ్? బాయినీళ్లా?"

ఈసారి ఆడవాళ్లు నవ్వారు. వాడు ముందున్న మనిషి చాటుకు జరిగాడు. వెంకట్రాజం చెవులు ఎర్రబడ్డాయి. పారిపోదామంటే అనసూర్య చీటీ అతని చేతిలోనే పెట్టింది.

చీటీ తీసుకుని బల్ల వైపు పోతుంటే వెనకనుంచి గొంతు వినపడింది. మొగిలమ్మ మళ్లీ కిటికీ ముందు నిలబడి ఉంది.

"సారూ, నాది దగ్గు గాదు. గా బిడ్డకు రాసినవ్ సూడు, గదే నాకు గుడ రాయి."

*

డాక్టరమ్మ యాభై ఏళ్ల మనిషి. చల్లటి చేతులు. పరదా చాటున రైక విప్పమన్నప్పుడు అనసూర్య కళ్లు గట్టిగా మూసుకుంది. ఆ చేతులు జంకు లేకుండా, గుడ్డ పోత చూసే సేటు చేతుల్లాగా, రెండు రొమ్ములూ చంకలూ అన్నీ వెతికాయి. సిగ్గుపడడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు.

"లోపల గడ్డేం లేదు. చంకలో కూడా ఏం లేదు. పైన చర్మం ఎండిపోయి పొట్టు లేచిందంతే. ఏం పని చేస్తావు?"

"జంపఖానాలు నేస్త."

"నూలు దుమ్ము, చెమట, పైన రైక కుట్టు రాసుకోవడం. అందుకయి ఉంటుంది. మందు రాస్తా. నెలకు పోకపోతే మళ్లీ రా, మళ్లీ చూద్దాం. అది సరే, చుట్టూ ఇంత ఎరుపెందుకుంది? రోజుకు ఎన్నిసార్లు ముట్టుకుంటున్నావు?"

అనసూర్య ఆ చేతిని వెనక్కి దాచుకుంది.

"లెక్క లేదన్నమాట."

"సచ్చిపోనా అమ్మా?"

"దీనితోనైతే చావవు."

"నిజంగనా?"

"నిజంగా."

"లోపల సక్కగ జూసినవా అమ్మా? ఇంకొక్కసారి..."

డాక్టరమ్మ విసుక్కోలేదు. అనసూర్య చేయి పట్టుకుని, వేళ్లు చాపించి, ఎట్లా చూసుకోవాలో ఆమె చేతనే చేయించింది. "నెలకొకసారి ఇట్లా చూసుకో. గంటకొకసారి కాదు. గంటకొకసారి చూస్తే లేని రోగం కూడా కనపడుతుంది."

బయటికి వచ్చేసరికి అనసూర్యకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే నవ్వింది. వెంకట్రాజం ఎదురొచ్చాడు.

"ఏం లేదట," అంది.

అతను పెద్దగా ఊపిరి వదిలాడు. అది నిజమైన ఊపిరి. నిన్నటి నుంచి అతనికి కూడా అన్నం సహించలేదని అనసూర్యకు అప్పుడు తెలిసింది. కానీ అతను అక్కడితో ఆగలేదు.

"నేను జెప్పలేదా మొన్ననే? ఏం లేదని జెప్పలేదా? ఇంత లొల్లి జేసి, ఇంతమందిల..."

"నువ్వు జెప్పింది రెక్కకు," అంది అనసూర్య. "ఈమె జెప్పింది నాకు."

అతను పక్కకు జరిగి ఆమెకు బల్ల మీద చోటు చూపించాడు.

కాసేపటికి బస్సుకు పోదామని అతను లేచేసరికి పరదా పక్కకు జరిగి మొగిలమ్మ బయటికి వచ్చింది. గోడ పట్టుకుని నడుస్తోంది. వచ్చి బల్ల మీద అనసూర్య పక్కన కూలబడింది.

"గడ్డ ఉన్నదట బిడ్డా. నాకెరుకే. ఎప్పటిసందో ఉన్నది. పెద్ద దవాఖానకు పోయి ముక్క తీపిచ్చుకోవాల్నంటాంది. ఇగ ఆలస్యం జేయొద్దట. కొడుకును పిలువుమన్నది."

"ఏడున్నడు అవ్వా కొడుకు?"

"గేటు కాడ చాయ్ తాగుతాండు. గుండయ్య. దగ్గని జెప్పి తోలుకొచ్చిన్నాయె." ముసలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "వానికి ఎట్ల జెప్పాలె? కన్న కొడుకు. నాకు నోరు రాదు. వాడు ఇనలేడు. దగ్గనే జెప్పి ఇంటికి వోత బిడ్డా. అయ్యేది అయితది."

అనసూర్య ఆమె చేయి పట్టుకుంది. తన భయం ఇంకా ఒంట్లోంచి పూర్తిగా పోలేదు. ఆ భయం చివరిదాకా పోతే ఎట్లా ఉండేదో ఇప్పుడు పక్కనే కూర్చుని ఉంది. లేచి పోవడానికి ఆమెకు కాళ్లు రాలేదు.

"పోదామా?" అన్నాడు వెంకట్రాజం మెల్లగా. "మగ్గం ఊకె ఉన్నది."

"నువ్వు నడువు. నేనీ అవ్వ ఎంబడి ఉంట."

"ఒక్కన్ని వోయి నేనేం నేస్త?"

అతను పోలేదు. కాసేపు నిలబడి, బల్ల చివర కూర్చున్నాడు. అప్పుడే గేటు దగ్గర నుంచి ముప్పై ఏళ్ల మనిషి, భుజం మీద తువ్వాలతో, బీడీ పారేసి ఇటే వస్తున్నాడు. మొగిలమ్మ చేయి అనసూర్య చేతిలో బిగుసుకుంది.

"వద్దు బిడ్డా. చెప్పకు. నువ్వు ఆడదానివి, నువ్వు జెప్తే వాడు ఇంక ఇజ్జత్ పోయిందంటడు."

అనసూర్య భర్త వైపు చూసింది. బతిమాలలేదు, కసరలేదు. ఊరికే చూసింది. వెంకట్రాజం ఆ చూపు తప్పించుకుని నేల చూశాడు, గోడ చూశాడు, గోడ మీది ఫ్యామిలీ ప్లానింగ్ బొమ్మ చూశాడు. చూడడానికి ఇంకేమీ మిగల్లేదు.

అనసూర్య మొగిలమ్మ వైపు తిరిగి, జారిన కొంగును ఆమె భుజం మీదికి లాగి సర్దసాగింది.

"ఏమన్నరమ్మా?" అంటూ వచ్చాడు గుండయ్య. "సూది ఇచ్చిండ్రా దగ్గుకు?"

ముసలమ్మ తల ఎత్తలేదు. వెంకట్రాజం లేచి నిలబడ్డాడు.

"తమ్మీ," అన్నాడు. "దగ్గు గాదు. మీ అమ్మకు గడ్డ లేసింది. రేపు పొద్దున్నే పెద్ద దవాఖానకు తీస్కపోవాలె. డాక్టరమ్మ నిన్ను లోపలికి రమ్మంటాంది."

"గడ్డనా? యాడ లేసింది?"

వరండాలో జనం అలాగే ఉన్నారు. వరుస చివర ఆ పడుచువాడు కూడా ఉన్నాడు. వెంకట్రాజం కుడిచేయి దానంతటదే లేచి తన ఎడమ రెక్క దాకా పోయింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత దాన్ని కిందికి దించేశాడు.

"రొమ్ముల," అన్నాడు.

గుండయ్య వినపడనట్టు చూశాడు. వెంకట్రాజం మళ్లీ చెప్పాడు, ఈసారి వరండా అంతా వినపడేటట్టు.